లండన్, పారిస్, రోమ్: టికెట్టు కొనకుండా పిల్లలకు ఏం చూపించవచ్చు?

మే 23న లండన్‌లో దిగి అక్కడ ఐదు రోజులు, తర్వాత పారిస్‌లో నాలుగు, రోమ్‌లో మూడు రోజులు ఉంటామని రాశారు. మీ దంపతులతో పాటు పదకొండేళ్ల బాబు, ఏడేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న మీ అత్తయ్యగారు వస్తున్నారు. విమానాలకు, వీసాలకు, హోటళ్లకే దాచుకున్నదంతా అయిపోయిందని, టికెట్లు కొనకపోతే అక్కడ చూడటానికి ఏముంటుందని బంధువులు అంటున్నారని, పిల్లలు చిన్నబుచ్చుకుంటారేమోనని బెంగగా ఉందని చెప్పారు.

ముందు ఆ బెంగ తీసి పక్కన పెట్టండి. నేను పద్నాలుగేళ్లుగా లండన్‌లో ఉంటున్నాను. గుంటూరు నుంచి మా అమ్మానాన్నలు, అత్తమామలు, అన్నయ్య పిల్లలు వచ్చిన ప్రతిసారీ వాళ్లను వెంటబెట్టుకుని తిప్పాను. పారిస్‌కు, రోమ్‌కు కూడా పిల్లలతో పలుమార్లు వెళ్లాను. మొదటిసారి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఊరందరూ వెళ్లే ఒక ఖరీదైన చోటికి నెల ముందే ఐదు టికెట్లు కొన్నాను. ఆ రోజు పొద్దుటి నుంచి వాన. మా పాపకు ఒళ్లు వెచ్చగా ఉంది, నాన్నగారి పాదాలు వాచాయి. అయినా డబ్బు కట్టాం కదా అని అందరినీ బయలుదేరదీశాను. ఎవరికీ సంతోషం లేదు. రెండు రోజుల తర్వాత ప్రవేశ రుసుము లేని ఒక మ్యూజియానికి వెళ్లాం. నలభై నిమిషాలకు పాప "ఇక చాలు" అంది. వెంటనే బయటికి వచ్చి గడ్డిలో కూర్చుని పులిహోర తిన్నాం. మిగిలింది మర్నాడు వెళ్లి చూశాం. పిల్లలతో, పెద్దవారితో తిరిగేటప్పుడు ఉచిత ప్రవేశం వల్ల కలిగే అసలు మేలు ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. ఎప్పుడు చాలనిపిస్తే అప్పుడు లేచి రావచ్చు. డబ్బు మిగలడం దాని తర్వాతి సంగతి.

అందుకే ఒక పూటకు ఒకే చోటు పెట్టుకోండి. పొద్దున ఒక పెద్ద కట్టడమో మ్యూజియమో, మధ్యాహ్నం ఒక తోట లేదా నది ఒడ్డు చాలు. ఒక రోజులో ఆరు చోట్లు చూపే పట్టికలు మీకు చాలా కనిపిస్తాయి. మోకాళ్ల నొప్పులున్న మనిషిని పక్కన పెట్టుకుని రాసిన పట్టిక అందులో ఒక్కటీ ఉండదు.

మీ ప్రయాణంలో లండన్‌దే పెద్ద భాగం, ఉచితంగా చూడదగినవి ఎక్కువగా ఉన్నదీ అక్కడే. కాబట్టి లండన్ గురించి కాస్త విస్తారంగా చెబుతాను.

మొదట రాకపోకలు. పదకొండేళ్ల లోపు పిల్లలకు టికెట్టు కొన్న పెద్దవారి వెంట మెట్రో రైళ్లలోనూ, బస్సుల్లోనూ ప్రయాణం ఉచితం. అంటే పాపకు ఏమీ అక్కర్లేదు. బాబుకు పదకొండు నిండాయి కాబట్టి ఈ లెక్కలోకి రాడు. అతని పేరుమీద ఆయిస్టర్ అనే ప్రయాణ కార్డు ఒకటి తీసుకుని, మెట్రో స్టేషన్‌లో సిబ్బందిని అడిగితే పిల్లల సందర్శకుల రాయితీని దానికి జత చేస్తారు. పద్నాలుగు రోజుల పాటు ఛార్జీ సగమే పడుతుంది. దిగిన రోజునే ఈ పని చేసుకోండి, చాలామంది తెలియక పూర్తి ఛార్జీ కడుతుంటారు. పెద్దవాళ్లకు మీ బ్యాంకు కార్డునే తాకిస్తే సరిపోతుంది. రోజుకు ఇంతకు మించి కోయకుండా ఒక పరిమితి ఉంటుంది. అయితే ఒక మనిషికి ఒకే కార్డు, రోజంతా అదే కార్డు వాడాలి.

అత్తయ్యగారి కోసం మెట్రో కన్నా బస్సునే నమ్ముకోండి. పాత మెట్రో స్టేషన్లలో చాలావాటికి లిఫ్టులు లేవు. మెట్లు దిగి, నడిచి, మళ్లీ మెట్లు ఎక్కేసరికి మోకాళ్లు పట్టేస్తాయి. బస్సుల నేల మాత్రం కాలిబాట ఎత్తుకు దగ్గరగా ఉంటుంది. బస్సు ఛార్జీ 1.75 పౌండ్లు. ఎక్కిన గంటలోపు మరో బస్సు మారినా అదే ఛార్జీ వర్తిస్తుంది. ఊరు చూపించే ప్రత్యేక బస్సులకు మనిషికి పదుల పౌండ్లు తీసుకుంటారు. వాటి అవసరం లేదు. ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర 15వ నంబరు ఎర్ర బస్సు ఎక్కితే సెయింట్ పాల్స్ కెథడ్రల్ మీదుగా లండన్ టవర్ దగ్గరికి వస్తుంది. పిల్లలను మీలో ఒకరు పై అంతస్తులో ముందు వరుసకు తీసుకెళ్లండి, అత్తయ్యగారితో ఇంకొకరు కింద కూర్చోండి. టవర్ దగ్గర దిగి టవర్ బ్రిడ్జి మీద నడవవచ్చు. 1894లో తెరిచిన ఆ వంతెన ఇప్పటికీ పెద్ద పడవలు వచ్చినప్పుడు రెండుగా విడిపోయి పైకి లేస్తుంది. ఏ రోజు ఏ సమయానికి లేస్తుందో వంతెనవారి వెబ్‌సైటులో ముందే పెడతారు. ఆ సమయానికి అక్కడ ఉండేలా చూసుకోండి, పదకొండేళ్ల పిల్లవాడు అది ఎప్పటికీ మరచిపోడు.

ఇక మ్యూజియాలు. ఎన్ని ఉన్నా తెలుగు కుటుంబం మొదట వెళ్లవలసింది బ్రిటిష్ మ్యూజియానికే అని నా పట్టుదల. అందరూ ఈజిప్టు మమ్మీల కోసం, ఈజిప్టు పాత లిపిని చదవడానికి దారి చూపిన రొసెట్టా శిల కోసం పరుగెత్తుతారు. అవీ చూడండి. కానీ ముందుగా 33వ నంబరు గదికి వెళ్లి, దాని చివర గాజు తలుపుల వెనుక ఉన్న 33ఎ గది ముందు నిలబడండి. అందులో ఉన్నది మన అమరావతి. కృష్ణ ఒడ్డున, ధరణికోట పక్కన శాతవాహనుల కాలంలో వెలిగిన మహాచైత్యం తాలూకు పాలరాతి వన్నె పలకలవి. నిజానికి అది పల్నాటి సున్నపురాయి. 1797లో ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి కాలిన్ మెకంజీ ఆ దిబ్బను చూశాడు. 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి పలకలను మద్రాసుకు తరలించాడు. వాటిలో కొన్ని తర్వాత ఓడలెక్కి లండన్ చేరి, 1880లో ఈ మ్యూజియానికి వచ్చాయి. మిగిలినవి చాలావరకు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి.

ఆ పలకల్లో ఒకదాన్ని పిల్లలకు తప్పక చూపించండి. దానికి రెండు వైపులా చెక్కడం ఉంది. ముందుగా చెక్కిన వైపు బుద్ధుడి బొమ్మ ఉండదు. చెట్టు కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్న జనం ఉంటారు. కొన్ని శతాబ్దాల తర్వాత వచ్చిన శిల్పులు అదే రాయిని తిప్పి, రెండో వైపున మొత్తం స్తూపాన్నే చెక్కారు. ద్వారం దగ్గర సింహాలు, ఐదేసి స్తంభాలు, పైన ఎగురుతున్న దేవతలు అందులో కనిపిస్తారు. ఇవాళ అమరావతికి వెళ్తే మిగిలింది ఒక గుండ్రటి మట్టి దిబ్బ మాత్రమే. ఒకప్పుడు అది ఎలా ఉండేదో ఆ రాయే చెబుతుంది. మా అమ్మ చిన్నప్పుడు ఎడ్లబండి మీద అమరేశ్వరస్వామి గుడికి వెళ్లిన మనిషి. ఆ గాజు ముందు పావుగంట మాట్లాడకుండా నిలబడిపోయింది. తర్వాత మా పాపను దగ్గరికి తీసుకుని, "ఇవి మన ఊరివి" అంది. ఆ రాళ్లు ఇక్కడ ఉండవలసినవేనా అని మీ బాబు అడుగుతాడు. అడగనివ్వండి, మీకు తోచింది చెప్పండి. మ్యూజియం రోజూ పదింటికి తెరిచి ఐదింటికి మూస్తారు. శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంటుంది, సాయంత్రం జనం పలచబడతారు. ప్రవేశం ఉచితమే అయినా ఆన్‌లైన్‌లో సమయం నమోదు చేసుకుంటే వరుసలో ఎక్కువసేపు నిలబడనక్కర్లేదు. అత్తయ్యగారికి చక్రాల కుర్చీ కావాలంటే మ్యూజియంవారే ఉచితంగా ఇస్తారు, ముందుగా కనుక్కుని వెళ్లండి. ఆవిడ వద్దంటారు, మా అత్తగారూ వద్దన్నారు. "అలసినప్పుడు కూర్చోవడానికి" అని చెప్పి తీసుకోండి.

సౌత్ కెన్సింగ్టన్‌లో మూడు పెద్ద మ్యూజియాలు పక్కపక్కనే ఉన్నాయి, మూడింటికీ ప్రవేశం ఉచితం. నేచురల్ హిస్టరీ మ్యూజియంలో అడుగు పెట్టగానే తల మీద 25 మీటర్ల నీలి తిమింగలం అస్థిపంజరం డైవు కొడుతున్నట్టు వేలాడుతుంది. పక్క విభాగంలో కదిలే, గుర్రుమనే టైరనోసారస్ ఉంటుంది. పాప భయపడితే చేయి పట్టుకుని దూరం నుంచే చూపించండి. ఇక్కడ ఒక హెచ్చరిక. మీరు వెళ్లే మే చివరి వారంలో ఇంగ్లండు బడులకు వారం రోజుల సెలవులు. ఆ వారం ఈ మ్యూజియం తిరునాళ్లలా ఉంటుంది. పదింటికి తలుపులు తెరిచే వేళకే అక్కడ ఉండండి, ముందుగా ఉచిత టికెట్టు నమోదు చేసుకోండి, పన్నెండు కాకముందే బయటపడండి. సైన్స్ మ్యూజియంలో చంద్రుడి చుట్టూ తిరిగి వచ్చిన అపోలో 10 నౌక ఉంది. భూ వాతావరణంలోకి తిరిగి వచ్చేటప్పుడు దాని అడుగుభాగం ఎలా కాలిందో దగ్గర నుంచి చూడవచ్చు. అంతరిక్షమంటే ఇష్టపడే పిల్లవాడిని అక్కడి నుంచి కదిలించలేరు. అదే భవనంలో పిల్లల ప్రయోగాల విభాగం ఒకటి ఉంది, దానికి మాత్రం డబ్బు కట్టాలి. ద్వారం దగ్గర పిల్లలు మారాం చేస్తారు, ముందే మాట్లాడి ఉంచుకోండి. మూడోది కళావస్తువుల మ్యూజియం, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ (వి అండ్ ఏ). పిల్లలకు లోపలి వస్తువుల కన్నా మధ్య ముంగిట్లో ఉన్న లోతులేని నీటి మడుగే ఇష్టం. ఎండ కాస్తే లండన్ పిల్లలంతా అందులో గంతులేస్తుంటారు. ఒక జత పొడి బట్టలు సంచిలో పెట్టుకోండి. పెద్దవాళ్లు చుట్టూ కూర్చుని కాళ్లు చాపుకోవచ్చు. మూడూ ఒకే రోజు చూడాలని మాత్రం ఆశపడకండి.

పాపకు ప్రత్యేకంగా ఏదైనా కావాలంటే బెత్నల్ గ్రీన్‌లోని యంగ్ వి అండ్ ఏ మ్యూజియానికి తీసుకెళ్లండి. 2023లో పూర్తిగా కొత్తగా తీర్చిదిద్ది తెరిచారు. పిల్లలు తాకి, కట్టి, ఆడి చూసేందుకే దాన్ని తయారుచేశారు. మన పర్యాటకుల్లో దాన్ని చూసినవారు తక్కువ. నా లెక్కలో ఏడేళ్ల పిల్లకు లండన్‌లో అంతకన్నా మంచి చోటు లేదు.

రాజభవనం దగ్గర కాపలా సైనికులు మారే వేడుక గురించి అందరూ చెబుతారు. ఉచితమే, కానీ బకింగ్‌హామ్ కంచె దగ్గర చోటు దొరకాలంటే గంటన్నర ముందు నిలబడాలి, లేకపోతే ఏడేళ్ల పిల్లకు కనిపించేవి ముందున్నవారి వీపులే. దానికి బదులు హార్స్ గార్డ్స్ పెరేడ్ మైదానానికి వెళ్లండి. గుర్రాల మీద సైనికులు మారే వేడుక మామూలుగా రోజూ పదకొండింటికి, ఆదివారం పదింటికి జరుగుతుంది. గుర్రాలు కొద్ది గజాల దూరంలో నుంచి పోతాయి. అక్కడి నుంచి రోడ్డు దాటితే సెయింట్ జేమ్స్ పార్కు. ఆ చెరువులో గూడబాతులున్నాయి, పెలికాన్లు. 1664లో రష్యా రాయబారి కానుకగా ఇచ్చిన పక్షులతో మొదలైన ఆనవాయితీ అది. రోజూ మధ్యాహ్నం రెండున్నర, మూడు మధ్య వాటికి చేపలు వేస్తారు. నేలపట్టు, కొల్లేరు చూసిన మన పిల్లలకు ఈ పక్షి చుట్టమే. అంతదాకా గడ్డిలో భోజనం చేయండి. చారల గుడ్డతో ఉన్న మడత కుర్చీలు కనిపిస్తాయి, అవి అద్దెవి. కూర్చుంటే డబ్బు అడుగుతారు. బెంచీలు, గడ్డి ఉచితం.

ఒక రోజు పూర్తిగా థేమ్స్ ఒడ్డున ఉన్న గ్రీనిచ్‌కు ఇవ్వండి. బ్యాంక్ స్టేషన్ నుంచి డి.ఎల్.ఆర్. అనే చిన్న మెట్రో రైలు ఎక్కండి. దానికి ముందు డ్రైవరు గది ఉండదు. మొదటి పెట్టెలో ముందు సీటు దొరికితే పిల్లలే రైలు నడుపుతున్నట్టు ఉంటుంది. సీటు ఖాళీగా లేకపోతే ఒక రైలు వదిలేసి మరోటి ఎక్కినా నష్టం లేదు. కట్టీ సార్క్ స్టేషన్‌లో దిగితే ఆ పేరుగల పాత తేయాకు ఓడ ఎదురుగానే ఉంటుంది, బయటి నుంచి చూస్తే చాలు. దాని పక్కనే థేమ్స్ నది అడుగున నడిచే సొరంగం ఉంది, 1902లో తెరిచారు. పొడవు 370 మీటర్లు. నడినది కింద నిలబడి, మన నెత్తి మీద ఇప్పుడు పడవలు పోతున్నాయని పిల్లలకు చెప్పండి. లిఫ్టు పనిచేస్తుంటేనే అత్తయ్యగారిని దింపండి, లేకపోతే మెలిక మెట్లు చాలా ఉన్నాయి. నేషనల్ మారిటైమ్ మ్యూజియం ఉచితం. ట్రఫాల్గర్ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ తొడుక్కున్న కోటు, భుజం మీద తూటా దూసుకుపోయిన రంధ్రంతో సహా అక్కడ ఉంది. అత్తయ్యగారిని మ్యూజియం దగ్గర విశ్రాంతిగా కూర్చోబెట్టి, మీలో ఒకరు పిల్లలతో గుట్ట ఎక్కండి. పైనున్న అబ్జర్వేటరీ లోపలికి టికెట్టు ఉంది. కానీ గోడ బయట 24 గంటల ముళ్ల గడియారం, గోడ పక్క దారిలో సున్నా రేఖాంశం గుర్తు ఉచితంగానే కనిపిస్తాయి. కప్పు మీద ఎర్రటి బంతి ఒకటి ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు కొద్ది నిమిషాల ముందు స్తంభం పైకి లేచి, సరిగ్గా ఒంటిగంటకు కిందికి జారుతుంది. నదిలోని ఓడలు గడియారాలు సరిచేసుకోవడానికి 1833లో పెట్టిన ఏర్పాటు అది. రేఖాంశం పాఠం బాబు ఎలాగూ బడిలో చదువుతున్నాడు, దాని మీద కాలు పెట్టి నిలబడనివ్వండి.

ఎత్తు నుంచి ఊరు చూడటానికి స్కై గార్డెన్, హొరైజన్ 22 అని రెండు ఉన్నాయి, రెండూ ఉచితం. హొరైజన్ 22 ఒక ఆకాశహర్మ్యంలో 58వ అంతస్తు. లిఫ్టులో వెళ్తారు కాబట్టి పెద్దవారికి ఇబ్బంది లేదు. ఒక్కటి చూస్తే చాలు. అయితే ముందుగా నమోదు చేసుకోవాలి. స్కై గార్డెన్ టికెట్లు సోమవారాల్లో మూడు వారాల ముందు తేదీల దాకా విడుదల చేస్తారు. సాయంత్రం వేళలు గంటల్లో అయిపోతాయి. మే మొదటి సోమవారం నుంచే ఫోనులో గుర్తు పెట్టుకోండి.

అత్తయ్యగారికి గుడి కావాలనిపిస్తే నీస్‌డెన్‌లోని స్వామినారాయణ మందిరం ఉంది. 1995లో కట్టారు. చెక్కిన రాళ్లు భారతదేశం నుంచి తెప్పించి, ఇక్కడ పేర్చి నిలబెట్టారు. ఒక పూట ప్రశాంతంగా గడుస్తుంది.

లండన్ నుంచి పారిస్‌కు మీరు రైల్లో వెళ్తున్నారు, మంచి నిర్ణయం. ఒక్క మాట. యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి పాల పదార్థాలు, మాంసం బయటి నుంచి తీసుకెళ్లనివ్వరు. పాలకోవా, నెయ్యి మిఠాయిలు ఉంటే లండన్‌లోనే తినేయండి. పచ్చళ్లు, పొడులు మూత గట్టిగా బిగించి పెట్టుకోండి.

పారిస్‌లో లెక్క కాస్త వేరు. లూవ్ర్, ఓర్సే లాంటి పెద్ద మ్యూజియాల్లో పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఉచితం, పెద్దవాళ్లకు టికెట్టు. ముగ్గురు పెద్దవాళ్లకు లూవ్ర్ టికెట్లు, ఆ జనం, ఆ నడక కలిపి చూస్తే ఈసారికి వదిలేయమంటాను. గాజు పిరమిడ్ ఉన్న ముంగిలి, దాని ముందున్న ట్యూలరీ తోట ఎలాగూ ఉచితం. లోపలి నుంచి ఏదైనా చూడాలనుకుంటే పారిస్ నగరపాలక సంస్థ నడిపే మ్యూజియాలకు వెళ్లండి, శాశ్వత ప్రదర్శనలకు రుసుము లేదు. పిల్లలకు పారిస్ చరిత్ర చూపే కార్నవాలె మ్యూజియం బాగుంటుంది. మొదట్లోనే పాత అంగళ్ల పేర్ల బోర్డులు, లోహపు బొమ్మలు గదుల నిండా వేలాడుతుంటాయి. చదువు రానివారికి కూడా ఇది ఏ దుకాణమో తెలియాలని పెట్టిన బొమ్మలవి. ఏ బొమ్మ ఏ దుకాణానిదో చెప్పమంటే పిల్లలకు గంటసేపు ఆట. సోమవారం మూసి ఉంటుంది.

నోత్రదామ్ కెథడ్రల్‌కు తప్పక వెళ్లండి. 2019 ఏప్రిల్‌లో మంటల్లో కప్పు కూలింది, 2024 డిసెంబరులో తిరిగి తెరిచారు. ఓక్ దుంగలను పాతకాలపు గొడ్డళ్లతోనే చెక్కి మళ్లీ కప్పు నిలబెట్టారు. కడిగిన రాయి ఇప్పుడు వెన్నముద్దలా మెరుస్తుంది. లోపలికి ప్రవేశం ఉచితం. టికెట్టు పేరుతో డబ్బు అడిగే వెబ్‌సైట్లు ఉన్నాయి, వాటిని నమ్మకండి. కెథడ్రల్ సొంత వెబ్‌సైటులో ఒకటి రెండు రోజుల ముందు ఉచితంగా సమయం ఇస్తారు. దొరకకపోయినా మామూలు వరుస త్వరగానే కదులుతుంది.

ఐఫిల్ టవర్ ఎక్కనక్కర్లేదు. దాని అందం దూరం నుంచే తెలుస్తుంది. చీకటి పడ్డాక గంటగంటకూ ఐదు నిమిషాల పాటు వేల దీపాలు మిలమిల మెరుస్తాయి. ఎవరూ చెప్పని సంగతి ఏమిటంటే, మే నెలాఖరులో పారిస్‌లో పొద్దుగూకేసరికి రాత్రి పది కావస్తుంది. మెరుపులు బాగా కనిపించాలంటే పదకొండు దాకా మేలుకోవాలి. అందుకని ఒక రోజు మధ్యాహ్నం నిక్షేపంగా అందరూ పడుకోండి. రాత్రి తొమ్మిదిన్నరకు దుప్పటి, తినుబండారాలు పట్టుకుని టవర్ ముందున్న షాన్ ద మార్స్ పచ్చిక మీదికి వెళ్లండి. మా పిల్లలకు యూరప్ మొత్తంలో గుర్తున్న రాత్రి అదే.

పిల్లలు పరుగెత్తి ఆడుకోవడానికి లా విల్లెట్ పార్కులో పెద్ద డ్రాగన్ ఆకారపు జారుడుబండ ఉంది. పాపకు, బాబుకు ఇద్దరికీ నచ్చుతుంది. వానపడితే గాలరీ లఫాయెత్ దుకాణంలోకి వెళ్లి 1912 నాటి రంగుటద్దాల గుమ్మటం కింద నిలబడండి. వాన వెలిశాక అదే భవనం మిద్దె మీదికి ఉచితంగా ఎక్కి ఊరంతా చూడవచ్చు. గుట్ట మీదున్న సాక్రె కేర్ చర్చి ఉచితం. మెట్లకు బదులు పక్కనే ఎక్కించే చిన్న రైలుంది, మెట్రో టికెట్టుతో ఎక్కవచ్చు. ఆ మెట్ల దగ్గర చేతికి దారం కట్టేసి డబ్బు అడిగేవారు ఉంటారు. చేతులు జేబులో పెట్టుకుని ఆగకుండా నడవండి. సంతకం చేయమని కాగితం చాచేవారి విషయంలోనూ అంతే. తాగునీరు కొనకండి. వీధుల్లో ఆకుపచ్చ రంగు ఇనుప తాగునీటి పంపులు కనిపిస్తాయి, 1872 నుంచి ఉన్నవి, నీళ్లు మంచివి. కాలిబాటల మీది మరుగుదొడ్లు కూడా ఉచితమే.

అన్నం మీద మనసు పోయిన రోజున లా షపెల్ వైపు వెళ్లండి. శ్రీలంక తమిళుల అంగళ్లు, ఇడ్లీ దోసెలు దొరికే చిన్న హోటళ్లు ఉన్నాయి. దగ్గర్లోనే మాణిక్క వినాయకర్ ఆలయం ఉంది. అత్తయ్యగారికి కొబ్బరి, కర్పూరం వాసన తగలగానే ప్రాణం లేచి వస్తుంది.

రోమ్‌కు మూడు రోజులే, ఎండ ఎక్కువగా ఉండవచ్చు, కనుక తక్కువ పెట్టుకోండి. పదేళ్ల లోపు పిల్లలకు బస్సులు, మెట్రో ఉచితం. ఇక్కడ కూడా బాబుకు టికెట్టు కొనాలి. సెయింట్ పీటర్స్ బసిలికాకు రుసుము లేదు. ఉదయం ఏడింటికే వెళ్తే తనిఖీ వరుస చిన్నదిగా ఉంటుంది. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు ఉండాలి, చీర కట్టుకున్నవారు పైట భుజాల మీదుగా కప్పుకుంటే సరి. కుడివైపు మొదట్లో గాజు వెనుక మైకెలాంజెలో ఇరవై నాలుగేళ్ల వయసు నాటికి చెక్కిన పియెటా ఉంది. కొడుకును ఒడిలో పెట్టుకున్న తల్లి, ఏ భాష వారికైనా అర్థమవుతుంది.

పాత పట్టికల్లో రోమన్ల కాలపు గుడి పాంథియన్ ఉచితమని ఉంటుంది. 2023 జులై నుంచి పెద్దవాళ్లకు టికెట్టు పెట్టారు, పిల్లలకు లేదు. ట్రెవీ ఫౌంటెన్‌ను చుట్టూ నిలబడి చూడటం ఉచితమే, నీటి అంచు దాకా దిగడానికి ఇప్పుడు పర్యాటకుల నుంచి 2 యూరోలు తీసుకుంటున్నారు. స్పానిష్ మెట్ల మీద కూర్చోకండి, జరిమానా వేస్తారు. పెద్దవారికి ఆ మెట్లు చూడగానే కూర్చోవాలనిపిస్తుంది, కాస్త గమనించండి.

పిల్లలకు రోమ్‌లో నచ్చేవి వేరే ఉన్నాయి. వీధి వీధికీ ముక్కు ఆకారపు గొట్టంతో నీటి పంపులు ఉంటాయి. గొట్టం చివర వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రం నుంచి నీళ్లు పైకి చిమ్ముతాయి, వంగకుండా తాగవచ్చు. ఒకసారి చూపిస్తే ప్రతి పంపు దగ్గరా ఆగుతారు. జానికులం గుట్ట మీద రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి ఫిరంగి పేలుస్తారు. ఊళ్లోని చర్చి గంటలన్నీ ఒకే సమయానికి మోగాలని 19వ శతాబ్దంలో పోప్ పెట్టించిన పద్ధతి. చెవులు మూసుకుని చూడండి. అవెంటీన్ గుట్ట మీద నారింజ చెట్ల తోట ఉంది. దాని దగ్గరలోనే మాల్టా యోధులనే పాత క్రైస్తవ సంఘం ప్రాంగణం తలుపుకున్న తాళం రంధ్రంలోంచి చూస్తే, రెండు వైపులా కత్తిరించిన చెట్ల వరుసల మధ్య సెయింట్ పీటర్స్ గుమ్మటం బొమ్మ కట్టినట్టు కనిపిస్తుంది.

మీకు తెలియకుండానే ఒక మంచి తేదీ కలిసొచ్చింది. జూన్ 2న మీరు రోమ్‌లో ఉంటారు. అది ఇటలీ గణతంత్ర దినోత్సవం. 1946లో ఆ రోజుల్లోనే రాజు వద్దని ప్రజలు ఓటు వేశారు. ఉదయం సైనిక కవాతు ఉంటుంది. విమానాల బృందం ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు పొగలు వదులుతూ ఊరి మీదుగా ఎగురుతుంది. కవాతు దారులన్నీ మూసేస్తారు కాబట్టి అత్తయ్యగారితో ఆ గుంపులోకి వెళ్లకండి. పించో తోట చప్టా మీద నీడలో నిలబడితే విమానాలు చక్కగా కనిపిస్తాయి. ఆ రోజు ప్రభుత్వ మ్యూజియాలు కూడా ఉచితం. కొలోసియం దగ్గర మాత్రం వరుస విపరీతంగా ఉంటుంది, మరో పూట బయటి నుంచి చుట్టూ నడిచి చూడటమే నయం.

ఇన్ని చెప్పాక, ఒక్కచోటైనా టికెట్టు కొనాలా అని మీరు అడిగారు. కొనగలిగితే లండన్ టవర్‌కు కొనండి. కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పే కోహినూర్ వజ్రం అక్కడి నగల గదిలో ఉంది. ఆ కొల్లూరు మన కృష్ణ ఒడ్డుదే. ఆన్‌లైన్‌లో ముందుగా, కుటుంబం మొత్తానికి ఉండే ధరలు చూసి తీసుకోండి. ఉదయం తెరవగానే సరాసరి నగల గదికే వెళ్లండి, ఆలస్యమైతే ఆ వరుసలో నిలబడటం అత్తయ్యగారి వల్ల కాదు.